పట్టేసిన బోల్టుకి ఏ పద్ధతి ముందు, ఏది చివరికి

బండికి ఏ సామాను బిగించాలన్నా ముందు ఒక పాత బోల్టు తీయాలి. క్రాష్ గార్డుకైతే ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే బోల్టు, వెనక పెట్టెకైతే గ్రాబ్ రెయిల్ బోల్టులు, సైడు బ్యాగుల స్టేకి ఫుట్‌రెస్టు బోల్టో షాక్ అబ్జార్బర్ పై బోల్టో, ఫోన్ హోల్డరుకి అద్దం కాడ. కొత్త సామాను బిగించడం పావుగంట పని. ఆ పాత బోల్టు బయటికి రావడానికే ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది, మన శ్రీకాకుళం వైపు మరీను. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా మనది. కళింగపట్నం, భావనపాడు, బారువ దగ్గర ఇంటి బయట నిలబెట్టిన బండి బోల్టుని ఒకసారి గోరుతో గీకి చూడండి, స్టీలు తల మీద ఎర్ర తుప్పు, అది దిగిన అల్యూమినియం చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తాయి. అసలు పట్టేసేది ఆ తెల్ల పొడే. ఉప్పు తడి తగిలిందంటే పక్కపక్కనే ఉన్న స్టీలు, అల్యూమినియం చిన్న బ్యాటరీలా పనిచేయడం మొదలుపెడతాయి, అందులో కరిగిపోయేది అల్యూమినియం, అలా వచ్చిన పొడి మరల మధ్య ఉబ్బి బోల్టుని సిమెంటు పోసినట్టు బిగించేస్తుంది.

మా బావమరిది బండి బారువలో ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు విరిగిన రేకుల కింద తడిసి, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఉప్పు గాలిలోనే తిరిగిన బండి అది. గార్డు వేద్దామని శ్రీకాకుళం తీసుకొచ్చాడు. కింద ఇంజిన్ బోల్టు బాగానే వచ్చింది, పైన క్లాంపు కోసం తీయాల్సిన ఎం6 అలెన్ బోల్టు, అంటే 6 ఎంఎం లావు, తలలో ఆరు మూలల గుంత ఉండే బోల్టు, రాలేదు. "ఇంకొంచెం గట్టిగా తిప్పు బావా" అన్నాడు, తిప్పాను. చేతిలో కీ మెత్తగా కదిలింది, బోల్టు వదిలిందనే అనుకున్నాను. టార్చి వేసి చూస్తే గుంతలో ఆరు మూలలూ పోయి, లోపలంతా గుండ్రంగా, కొత్త లోహంలా మెరుస్తోంది. గుంత అడుగున మట్టి గట్టిపడి ఉంది, కీ సగమే దిగింది, అది చూడకుండానే బలం వాడేశాను.

ఆ రోజు నుంచి ఏ పద్ధతికి చేయి వేయాలన్నా ముందు ఒకటి చూసుకుంటాను: ఇది పనిచేయకపోతే నా చేతిలో ఇంకా ఏం మిగులుతుంది? నూనె పనిచేయకపోతే బోల్టు అలాగే ఉంటుంది, పోయింది ఒక రాత్రి సమయమే. పైపు తొడిగి లాగితే తల తెగిపోవచ్చు. ఈజీ ఔట్, అంటే విరిగిన బోల్టులో రంధ్రం వేసి దించి తిప్పే ఎక్స్‌ట్రాక్టరు, లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్టు దాన్ని కొయ్యలేదు, అక్కడితో మీ చేతిలో పని అయిపోయినట్టే. చాలామంది ఏది త్వరగా అవుతుందో చూసి ఎంచుకుంటారు. ఏది చేస్తే తర్వాతి దారి మూసుకుపోదో చూసి ఎంచుకోమని నా సలహా, కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

స్పానర్ పట్టే ముందు రెండు మూడు సంగతులు చూసుకోండి. మొదటిది, ఎటు తిప్పాలి. యమహా బళ్లకి కుడి అద్దం మర ఎడమ చేతి మర, అంటే మనం విప్పుతున్నాననుకుని తిప్పేది బిగుసుకుంటూ పోతుంది. రెండోది, బోల్టు దేనిలోకి దిగింది? అవతల నట్టు ఉండి, ఆ నట్టు మీద మనం స్పానర్ వేయగలిగితే అసలు భయపడాల్సిన పనే లేదు, కోసేసినా పోయేది ఒక బోల్టు, నట్టు. అదే ఇంజిన్ కేసు అల్యూమినియంలోకి దిగిన ఎం6 అయితే మాత్రం జాగ్రత్తంతా అక్కడే పెట్టాలి. మూడోది, తల. ఆరు పలకల తలా, అలెన్ గుంతా, లేక ప్లస్ గుర్తు స్క్రూనా, గుంతలో మట్టి ఉంటే సన్నటి సూదితో గీకి, ఊది, కీ అడుగుదాకా దిగేలా చేసుకోవాలి. ఎం6 సాకెట్ తలకి 5 ఎంఎం కీ, పుట్టగొడుగులా ఉండే బటన్ తలకి 4 ఎంఎం, ఎం8కి వరుసగా 6, 5. అంగుళాల కీ దాదాపు సరిపోయినట్టే అనిపిస్తుంది, ఆ దాదాపే మూలల్ని తినేస్తుంది. జపాను పద్ధతి బళ్లలో ప్లస్ స్క్రూలు కూడా మామూలు ఫిలిప్స్ కొలతవి కావు, తల మీద చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్ రకం, దానికి ఆ బిట్టే వాడాలి, ఫిలిప్స్ బిట్టు అడుగుదాకా కూర్చోక పైకి జారి గాడి చెడగొడుతుంది.

ఇక నూనెలు. అందరింట్లో ఉండేది డబ్ల్యూడీ-40. అది 1953లో తడిని తరిమేందుకు తయారైన సరుకు, పేరులోనే ఆ మాట ఉంది. లేతగా పట్టిన బోల్టుకి సరిపోతుంది, ఏళ్ల తుప్పుకి మాత్రం తుప్పు వదిలించడానికే అని అమ్మే పెనెట్రేటింగ్ ఆయిల్ మేలు, అదే కంపెనీ వేరే డబ్బాలో ఆ రకం కూడా అమ్ముతుంది. మన మెకానిక్కులు వాడేది డీజిల్, కిరోసిన్. పనికిరావని నేను అనను, పల్చగా ఉంటాయి కాబట్టి మరల్లోకి పాకుతాయి, కాకపోతే నిదానం. ఆటోమేటిక్ గేరు ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి వాడేవాళ్లు ఉన్నారు, బాగానే దిగుతుంది గానీ అసిటోన్ పెయింటునీ ప్లాస్టిక్‌నీ తినేస్తుంది, ట్యాంకు దగ్గర వద్దు. నన్నడిగితే ఏ నూనె అన్నదానికంటే ఎంతసేపు నానింది అన్నదే ఎక్కువ పనిచేస్తుంది. సాయంత్రం వేసి, బోల్టు తల మీద నాలుగు చిన్న దెబ్బలు కొట్టి, పడుకునే ముందు ఇంకోసారి వేసి, పొద్దున్న తీయండి. వెనక మర కనిపిస్తుంటే అటు నుంచి వేయండి, తల వైపు వేసినది వాషరు దగ్గరే ఆగిపోతుంది. బ్రేకు డిస్కు, ప్యాడ్ల దగ్గర మాత్రం స్ప్రే కొట్టొద్దు, గుడ్డ అడ్డం పెట్టి చుక్కలుగా వేసుకోండి.

నానిన తర్వాత బలం. ఇక్కడ మూడు దారులు ఉంటాయి, పొడుగు రాడ్డు, చేతి ఇంపాక్ట్ డ్రైవర్, కరెంటుతోనో గాలితోనో దెబ్బలు కొడుతూ తిప్పే ఇంపాక్ట్ గన్ను. పొడుగు రాడ్డు లేదా స్పానర్‌కి పైపు తొడగడం ఇంజిన్ మౌంటు లాంటి లావు బోల్టులకి, అదీ ఆరు మూలల సాకెట్‌తో అయితే పరవాలేదు. పన్నెండు మూలల రింగు మూలల్ని పట్టుకుంటుంది, ఆరు మూలలది పలకల్ని పట్టుకుంటుంది, తుప్పు తిన్న తల మీద తేడా అక్కడే తెలుస్తుంది. ఎం6కి పైపు వద్దే వద్దు, దాన్ని మామూలుగా బిగించాల్సిన బలమే సుమారు 10 న్యూటన్ మీటర్లు, పైపుతో లాగితే ఎప్పుడు దాటిపోయామో చేతికి తెలియదు. గన్ను గురించి నాకు బాధ ఉంది. ఊళ్లో ఒక షాపులో గ్రాబ్ రెయిల్ దగ్గర బోల్టుకి, నూనె చుక్క కూడా వేయకుండా, కుర్రాడు తిన్నగా గన్ను పెట్టాడు, తల ఎగిరి కింద పడింది, ఆపై ఆ ముక్క ఎలా తీయాలన్నది నా తలనొప్పిగా మిగిలింది. గన్ను చెడ్డది కాదు, అవతల నట్టు ఉన్న లావు బోల్టుల మీద దాన్ని మించింది లేదు, చిన్న బోల్టుల మీద మాత్రం అది అడగకుండానే తీర్పు చెప్పేస్తుంది.

ఇంట్లో ఒక్క పనిముట్టే కొనాలంటే నేను చేతి ఇంపాక్ట్ డ్రైవర్ కొనమంటాను. లావు స్క్రూడ్రైవర్‌లా ఉంటుంది, వెనక సుత్తితో కొడితే ఆ దెబ్బతో బిట్టు గుంతలోకి నొక్కుకుంటుంది, అదే క్షణంలో కొంచెం తిరుగుతుంది కూడా. నొక్కు, తిప్పు రెండూ ఒకేసారి పడటంతో గాడి జారదు, పైగా ఆ అదురుకి మరల్లో తుప్పు చిట్లుతుంది. ప్లస్ స్క్రూలకీ అలెన్ బోల్టులకీ ఇది మొదటి ఎంపిక. విప్పే దిక్కుకి సెట్ అయిందో లేదో ముందు చూసుకోండి, బిగించే దిక్కులో ఉంచి కొట్టినవాళ్లని చూశాను. ఇంకో చిన్న పని, తిన్నగా విప్పకుండా ముందు వెంట్రుకవాసి బిగించి, ఆపై విప్పండి. కదలిక వచ్చాక కిర్రుమని చప్పుడు వస్తే ఆగి, మళ్లీ లోపలికి సగం చుట్టు తిప్పి, ఇంకో చుక్క నూనె వేసి, పావు చుట్టు పావు చుట్టుగా ముందుకీ వెనక్కీ తీసుకురావాలి. కదిలింది కదా అని ఒకే ఊపున లాగినప్పుడే చాలా బోల్టులు మెడ దగ్గర తెగుతాయి.

వేడి పెట్టడం నూనె కంటే బలమైన దారి. అల్యూమినియం వేడికి స్టీలు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, కాబట్టి బోల్టుని కాకుండా దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేస్తే రంధ్రం వదులవుతుంది. బోల్టు ఫ్యాక్టరీలో గట్టి రకం జిగురు పూసి బిగించినదైతే వేడి తప్పనిసరి. ఆ జిగురునే థ్రెడ్ లాకర్ అంటారు, నీలం రకం మామూలు స్పానర్‌కే వదులుతుంది, ఎర్ర రకానికి 250 డిగ్రీల దగ్గరి వేడి కావాలి, లేకపోతే ఎంత నూనె పోసినా లాభం లేదు. దేనితో వేడి చేయాలన్నదాంట్లో హాట్ ఎయిర్ గన్ను, గ్యాస్ టార్చి రెండూ ఉన్నాయి, ఇంటి దగ్గర చేసేవాళ్లకి నేను హాట్ ఎయిర్ గన్నే అంటాను. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీలకి, ఇంజిన్ కేసు మిశ్రమమైతే ఇంకా ముందే, ఉన్నట్టుండి కరిగిపోతుంది, మంటతో ఆ అంచు తెలుసుకోవడానికి చేయి తిరిగి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం పెట్రోలు ట్యాంకు. గ్రాబ్ రెయిల్ దగ్గర పనైనా సరే, మంట వాడాలనుకుంటే ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి, రాత్రంతా నూనె పోసిన చోటైతే ముందు శుభ్రంగా తుడవండి. ఆయిల్ సీలు, రబ్బరు బుష్, వైరింగ్ దగ్గరలో ఉంటే వేడి ఆలోచనే మానుకోవడం మంచిది.

తల అరిగిపోయిన దాకా వచ్చిందనుకోండి. ఆరు పలకల తలకైతే ఒక సైజు చిన్న సాకెట్‌ని సుత్తితో కొట్టి దిగ్గొట్టడం, లేదా ఆకురాయితో రెండు వైపులా పలకలు దిద్ది చిన్న స్పానర్ వేయడం, లేదా వైస్ గ్రిప్‌తో, అంటే బిగించి లాక్ చేసే పట్టకారుతో పట్టడం. నేను మొదట వైస్ గ్రిప్ వేయను, అది జారిన ప్రతిసారీ తల ఇంకొంచెం గుండ్రమవుతుంది, దిగ్గొట్టిన సాకెట్ అలా చేయదు. ఉలి పెట్టి అంచు మీద కొట్టి తిప్పడం మన పాత మెకానిక్కుల పద్ధతి, లావు తల మీద ఇప్పటికీ పనిచేస్తుంది, పక్కనే కేసు ఉంటే ఒక్క దెబ్బ తప్పినా కేసు చిట్లుతుంది.

అలెన్ గుంత పోయినప్పుడు దారి వేరు. మా బావమరిది బండిని నేను తీసుకెళ్లింది ఆయిల్ ఇంజిన్లు బాగుచేసే ఒక పెద్దాయన లేత్ షాపుకి. డ్రిల్ వేస్తాడనుకున్నాను. ఆయన బోల్టు చూసి, చుట్టూ నూనె చుక్కలు వేసి, పంచ్ పెట్టి రెండు దెబ్బలు కొట్టి, "అంత తొందరేటి బావూ, నాననీయి, రేపొద్దున్న సూద్దాం" అన్నాడు. మర్నాడు టోర్క్స్ బిట్టు, నక్షత్రంలా ఆరు కోణాలు ఉంటుంది కదా, అందులో టీ30 తీసి గుంత మీద నిటారుగా పెట్టి, సుత్తితో కొడుతుంటే బిట్టు అంచులు పోయిన మూలల్లో కొత్తగా గాళ్లు కోసుకుంటూ దిగాయి. ముందు దెబ్బలకి డొల్ల చప్పుడు, పోను పోను గట్టి చప్పుడు, అప్పుడు ఆపాడు. రాట్చెట్ తగిలించి నెమ్మదిగా తూచినట్టు లాగితే టక్కుమని ఒక శబ్దం, ఆ వెంటనే బోల్టు తెల్ల పొడి రాల్చుకుంటూ బయటికి వచ్చింది. అదే పద్ధతి 4 ఎంఎం గుంతకి టీ25తో, 6 ఎంఎం గుంతకి టీ40తో సాధారణంగా కుదురుతుంది. ఆ దెబ్బలు కూడా వృథా పోవు, మరల్ని అదిరించి వదులు చేస్తాయి. అందుకే అరిగిన అలెన్‌కి ఎక్స్‌ట్రాక్టర్ కంటే, గ్రైండరుతో గాడి కొయ్యడం కంటే నా మొదటి ఓటు దీనికే.

అదీ కుదరకపోతే తలని డ్రిల్ చేసి తీసేయండి. ఇది చాలామందికి భయం, నిజానికి ఇందులో తెలివి ఉంది. ఎం6 బోల్టుకి 6 ఎంఎం లేదా కొంచెం పెద్ద బిట్టుతో గుంత మధ్యలోంచి దించితే తల ఊడి వస్తుంది, దాంతో బోల్టుని లాగి పట్టిన బిగువు పోతుంది, క్లాంపో రెయిలో బయటికి వచ్చేస్తుంది, మిగిలిన కాండం కేసు మీద మొలకలా నిలబడి ఉంటుంది. ఆ మొలకని నానబెట్టి వైస్ గ్రిప్‌తో పట్టుకుంటే ఆశ్చర్యంగా చాలాసార్లు చేతి బలానికే తిరుగుతుంది. తీసే భాగం పల్చగా ఉంటే మొలక పొట్టిగా మిగులుతుంది, అది ముందే చూసుకోవాలి.

ఇక కేసుతో సమానంగా విరిగిపోయిన బోల్టు. ఈజీ ఔట్, ఎడమ డ్రిల్ బిట్టు, నట్టు వెల్డింగు, మొత్తం డ్రిల్ చేసి కొత్త మర వేయడం, ఇవే దారులు. ఈజీ ఔట్ పెట్టె చూడ్డానికి బాగుంటుంది, అన్ని సైజులూ వరుసగా ఉంటాయి. ఎం6లో రంధ్రం వేస్తే పట్టేది అగ్గిపుల్లంత ఎక్స్‌ట్రాక్టరు, అది గట్టిది గానీ పెళుసు, పైగా దిగే కొద్దీ బోల్టు గోడల్ని బయటికి నెట్టి ఇంకా బిగిస్తుంది. అందుకే పట్టేసిన ఎం6కి వద్దంటాను. పట్టకుండానే విరిగిన బోల్టుకి, అంటే అతిగా బిగించి తల తెంపుకున్నదానికి వాడుకోవచ్చు. ఎడమ డ్రిల్ బిట్టు అంతకంటే నయం, అది కోస్తూనే విప్పే వైపు తిరుగుతుంది కాబట్టి సగం రంధ్రం పడేసరికే ముక్క బయటికి రావచ్చు, రాకపోయినా పోయిందేమీ లేదు, రంధ్రం ఉండనే ఉంది. మన ఊళ్లలో ఆ బిట్టు దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

నన్నడిగితే పట్టేసి విరిగినదానికి వెల్డింగే రాజు. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి వెల్డు నింపితే కొత్త తల వస్తుంది, ఆ వేడికి తుప్పూ జిగురూ కూడా వదులుతాయి, స్టీలు వెల్డు అల్యూమినియానికి అతుక్కోదు కాబట్టి కేసుకి భయం తక్కువ. బండిని తీసుకెళ్లే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి, 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లకైతే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు, దాని కప్లరు కూడా తీసేయించండి, ఎర్తు క్లాంపు బోల్టుకి దగ్గర్లోనే పెట్టమనండి. విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా గేట్లు, గ్రిల్లులు చేసే షాపు వేరు, ఇంజిన్ పనులు చేసే లేత్ షాపు వేరు, ఈ పనికి రెండోదానికే వెళ్లండి. దసరా ఆయుధ పూజ రోజుల్లో పనిముట్లన్నీ పూజలో ఉంటాయి, ఆ వారం ముక్క విరగ్గొట్టుకుంటే బండి నిలిచిపోయినట్టే.

మొత్తం డ్రిల్ చేయడం చివరి దారి. ఎం6కి 5 ఎంఎం రంధ్రం, ఎం8కి 6.8 ఎంఎం, ఆపై మర కోసే ట్యాప్ కొట్టాలి. మధ్యలో పంచ్ గుర్తు పక్కకి పోయిందంటే మెత్తటి అల్యూమినియం వైపు బిట్టు జారిపోతుంది, పాత మర సగం పోతుంది. అలా పోయినా హెలికాయిల్, అంటే రంధ్రంలో దించే స్ప్రింగు లాంటి తీగ చుట్ట, వేయించవచ్చు, మంచి స్టీలు మర వస్తుంది, అల్యూమినియం మర కంటే గట్టిదే. చేతి డ్రిల్‌తో ఇంటి దగ్గర ఇది చేయొద్దు. బ్రేకు క్యాలిపర్, డిస్కు, హ్యాండిల్ క్లాంపు బోల్టులు గానీ విరిగితే అసలు ఆలోచించకుండా తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లండి.

క్రాష్ గార్డు వేసేటప్పుడు ఇంకో రకం తగులుతుంది, ఫ్రేము లోపల వెల్డు చేసిన నట్టు ఊడి బోల్టుతో పాటే తిరుగుతుంటుంది. ఇక్కడ నూనెలూ వేడీ ఏవీ పనిచేయవు. తల కింద స్క్రూడ్రైవర్ పెట్టి పైకి ఎత్తి పట్టుకుని తిప్పితే నట్టు గోడకి ఒరుసుకుని కొన్నిసార్లు ఆగుతుంది, ఆగకపోతే గ్రైండరుతో తల కోసేయడమే.

తిరిగి బిగించేటప్పుడు మెరుస్తుందని స్టెయిన్‌లెస్ బోల్టులు తెచ్చి అల్యూమినియంలో పెడుతున్నారు, మన ఉప్పు గాలిలో అది అల్యూమినియాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. 8.8 అని (అది బలం గ్రేడు) తల మీద ఉన్న జింకు పూత బోల్టు తీసుకోండి. గార్డు లాంటి అదిరే చోట నీలం థ్రెడ్ లాకర్ పూస్తే అది వదలకుండా పట్టుకుంటుంది, తడిని కూడా లోపలికి రానివ్వదు. అదురు తక్కువ ఉన్న చోట యాంటీ సీజ్ (మర పట్టేయకుండా పూసే పేస్టు) లేదా కనీసం గ్రీజు, కాకపోతే గ్రీజు పూసిన బోల్టుకి మామూలు కంటే తక్కువ బలం చాలు. బారువ బండికి పై బోల్టు ఈసారి నీలం జిగురుతో వేశాను, గుంతలో గ్రీజు నింపి పైన చిన్న ప్లాస్టిక్ మూత నొక్కాను. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మూత తీసి 5 ఎంఎం కీ పెట్టి చూస్తే అడుగుదాకా దిగింది.